నేమ్‌ప్లేట్ లేని చుట్లు

నల్లపాడు రోడ్డులో, మిర్చి యార్డు గోడ దాటాక
కాలేషా రీవైండింగ్ వర్క్స్.
గుమ్మంలో బోరు మోటార్లు,
పేగులు తీసిన టేబుల్ ఫ్యాన్లు,
వాటి మధ్య ఒక ఎర్ర గిటారు
తప్పు పెళ్లికి వచ్చిన చుట్టంలా.

"మోటారుకైతే నేమ్‌ప్లేటుంటది" అన్నాడు కాలేషా,
"దాన్ని బట్టి ఎన్ని చుట్లో, ఏ గేజో లెక్క కట్టుకుంటా.
దీనికేదీ?"

నా దగ్గర నోటుపుస్తకం ఉంది.
పదకొండేళ్లు అరండల్‌పేట మేడగదిలో
గిటార్లు విప్పి, మూసి, రాసుకున్న సూత్రాలు:
బరువు చెక్కకి సన్న గొంతు పికప్.
తేలిక చెక్కకి జంట కాయిల్.
బ్రిడ్జి దగ్గరది కరుస్తుంది, మెడ దగ్గరది నిమురుతుంది.
అడిగినవాడికల్లా
మందుల చీటీలా చింపి ఇచ్చేవాణ్ణి.

నెహెమ్యాకీ అలాగే ఇచ్చాను.
ఏటుకూరు వైపు చర్చిలో వాయిస్తాడు.
కూల్చేసిన హాస్టలు ద్వారబంధాలు అతికించి
వడ్రంగి మేనమామ చేసిన గిటారు. వేప చెక్క.
మెళ్లో వేసుకుంటే భుజం దిగిపోతుంది.
"సన్న గొంతుదే పడుద్ది"
పుస్తకం తెరవకుండానే చెప్పాను.

ఆదివారం మోగింది.
ఆరు ఫ్యాన్లు, ఆరు రెగ్యులేటర్లు, మైకు తీగా కలిసి
ప్రార్థన పొడుగునా ఒకటే ఝుమ్.
పాస్టరుగారు ఆమెన్ అన్నాక కూడా
గిటారు ఆమెన్ అనలేదు.

సరే, జంట కాయిల్ కొని బిగించాం.
ఝుమ్ పోయింది. దాంతో పాటు
నెహెమ్యా వేళ్లూ పోయాయి.
ఎవరు మీటినా ఒకటే,
దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు.

అప్పుడు పట్టాడు కాలేషా రాగి తీగని.
వెంట్రుక కన్నా సన్నం, గట్టిగా తుమ్మితే తెగుద్ది,
పక్కనేమో మిర్చి సీజను.
ముక్కుకి రుమాలు కట్టుకుని
చేత్తోనే, పెదాలతో లెక్కపెడుతూ.
మొదటి కాయిల్ ఏడు వేలు, సాఫీగా.
రెండోదానికి మూడు వేల చిల్లర దగ్గర
బజ్జీల బండి సాంబయ్య వచ్చి
గ్రైండరు తిరగట్లేదని అడిగాడు.
అంతే, అంకె జారిపోయింది.
ఇక బాబిన్ చూసుకుని, కళ్ల అంచనాతో ఆపేశాడు.

మీటరు పెడితే ఒకటి ఏడున్నర, ఒకటి ఆరుంబావు.
"జోడు కుదర్లేదు, పడేద్దాం" అన్నాను.
నెహెమ్యా వినలేదు.
చర్చిలో కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు
గుప్పిళ్లతో తెచ్చి రేకు డబ్బాలో కరిగించాడు.
రెండు కాయిళ్లూ మైనంలో మునిగి
చిన్న చిన్న బుడగలు వదిలాయి.

తీగ మీటాడు.
కొంచెం ఝుమ్ ఉంది, లేదని అనను.
వంటింట్లో ఎవరో ఉన్నంత.
దాని ముందు నిలబడి ఒక గొంతు,
వేప చెక్కదో, ఎక్కువ చుట్లదో, తక్కువ చుట్లదో
నేను విడదీసి చెప్పలేను.
అది నెహెమ్యాదని మాత్రం
రుమాలు కట్టుకున్న కాలేషాకి కూడా తెలిసింది.
గిటారు ఎప్పుడూ వినని మనిషి,
తల ఒకసారి పక్కకి వంచాడు.

గుంటూరు మిర్చంటే ఘాటు అనేది
రైల్లో పోయేవాళ్ల మాట.
యార్డులో ఆ మాటకి రూపాయి రాదు.
టిక్కీ విప్పాలి, కాయ తుంచాలి,
గింజ చూడాలి, ముక్కు దగ్గర పెట్టుకోవాలి.
పక్క టిక్కీకి మళ్లీ మొదట్నించీ.
ఆ గోడ పక్క నుంచే కదా
పదకొండేళ్లు స్కూటరు మీద పోయాను, దగ్గుతూ.

అదే లెక్కలో ఇంకోటి చుట్టించాను, ఆశ కొద్దీ.
ఏడున్నర, ఆరుంబావు, అదే మైనం.
ఇంకో వేప గిటారులో పెడితే
జలుబు చేసినట్టు మోగింది.

నెహెమ్యా పికప్ అడుగున, రేకు మీద,
కాలేషా మేకుతో గీకాడు:
గేజి నలభై రెండు. చుట్లు తెలీదు.

నిన్న బ్రాడీపేట కుర్రాడొకడు ఫోను చేశాడు.
"అన్నా, మహాగని చెక్కకి ఏది బాగుంటది?"
అలవాటుగా జేబులో పెన్ను తడుముకున్నాను.
"గిటారేదిరా? పట్టుకురా ముందు."